పడకగుండుకు వేసిన రాళ్ళు

మదురైకి పడమరగా, నూలు మిల్లు పొగగొట్టం కనపడేంత దూరంలో, పడకగుండు అని ఒక రాతికొండ ఉంది. ఇప్పుడు ఆ పక్కగా పోయేవాళ్ళెవరూ దానిమీదికి రాయి వెయ్యరు. ఒకప్పుడు వెయ్యకుండా పోయినవాడు లేడు. ఆఖరి రాయి వేసినవాడు ముసలివాడయ్యాక, తన కుడిచేతిని చూసుకుంటూ చెప్పిన సంగతి ఇది.

కొండ నడుముకు ఒక గుహ. లోపల రాతిని చదును చేసి చెక్కిన పడకలు... తలకింద దిండు ఎత్తుతో సహా. ఎన్ని వందల ఏళ్ళ కిందటో, జ్ఞానం వెతుక్కుంటూ వచ్చిన జైన సన్యాసులు వాటిమీద పడుకునేవారట. గుహ నొసటన వాళ్ళు చెక్కించిన అక్షరాలు కూడా ఉన్నాయి. వాటిని చదవగలిగినవాడు మాత్రం ఆ చుట్టుపక్కల పుట్టలేదు. వెలుగు కోసం వచ్చినవాళ్ళు వెళ్ళిపోయారు, చీకటి మిగిలింది. ఆ చీకట్లో దెయ్యం చేరింది.

అది మామూలు దెయ్యం కూడా కాదు. అక్కడ మేకలు కాసే తమిళులు దాన్ని 'వడుగు పేయి' అనేవారు — అంటే తెలుగు దెయ్యం. రాత్రిపూట లోపలినుంచి మూలిగేది, ఏదో గొణిగేది, అదంతా తెలుగేనట. "మీ దెయ్యమే గదా, ఏం కావాలో మీరే పోయి అడగండి," అని మిల్లులో తెలుగువాళ్ళను ఆటపట్టించేవారు.

అడిగే ధైర్యం ఎవరికుంది? మిల్లు దిగి కాలనీకి పోయే దారి ఆ గుహ కిందనుంచే. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నారు. గుహ ఎదురుగా రాగానే తలా ఒక రాయి తీసి దాని నోట్లోకి విసరాలి. రాయి పడితే దెయ్యం లోపలే ఉంటుంది. విసిరాక వెనక్కి చూడకుండా నడవాలి.

ఆ విసరడంలో కరుప్పుసామిని మించినవాడు లేడు. తమిళపేరే గాని ఇంట్లో మాట తెలుగు. స్పిన్నింగ్ ఖాతాలో పని, ఇరవయ్యారేళ్ళు, దూదిపొడి పీల్చి పీల్చి పట్టుకున్న దగ్గు. మిగతావాళ్ళ రాళ్ళు గుహ అంచుకు తగిలి కిందికి దొర్లేవి. అతనిది మాత్రం లోపలెక్కడో 'టక్' మనేది. జతగాడు అయ్యప్పన్‌కు చెయ్యి పట్టుకుని మరీ నేర్పాడు — భుజం ఎత్తు, నడుము తిప్పు, అప్పుడు వదులు అని.

అతనికి ఆ గుహంటే భయం ఒక్కటే కాదు, బాధ కూడా. ఏడేళ్ళప్పుడు తల్లి వీరాయి కలరాతో పోయింది. చాపలో చుట్టి తీసుకుపోయారు. ముఖం చూడనియ్యలేదు. కడసారి చూపు దక్కనివాళ్ళు పేయై తిరుగుతారని అప్పుడెవరో అన్న మాట పిల్లవాడి మనసులో నాటుకుపోయింది. తెలుగులో మూలిగే ఆ దెయ్యం... అమ్మే అయితే? పంతొమ్మిదేళ్ళుగా ఆ అనుమానం అతన్ని తింటూనే ఉంది. ఎవరితోనూ అనలేదు. రాయి మాత్రం ఎనిమిదేళ్ళుగా, మిల్లులో చేరిన నాటినుంచి వేస్తూనే ఉన్నాడు. అందరికంటే బలంగా.

ఆ రాత్రి ఒక్కడే వస్తున్నాడు. నాలుగు రోజులు జ్వరంతో పడుకుని ఆనాడే పనిలోకి దిగాడు. అయ్యప్పన్‌కు మొదటి షిఫ్టు పడింది. గుహ ఎదుటకు రాగానే దగ్గు తెర వచ్చింది... ఆగింది. రాయి తీశాడు. భుజం ఎత్తాడు, నడుము తిప్పాడు, వదిలాడు.

'టక్' మనలేదు.

మెత్తగా... దేనికో తగిలినట్టు... అంతే.

తరవాత చీకట్లోంచి ఒక అరిగిపోయిన గొంతు —

"చాల్లే సామీ... నెత్తురొస్తా ఉండాది."

ఊరంతా అతన్ని కరుప్పు అనే పిలుస్తుంది. సామీ అని పిలిచిన మనిషి లోకంలో ఒక్కతే. ఎలా పరిగెత్తాడో, ఇల్లు చేరేదాకా అతనికే తెలీదు.

తండ్రి మాయాండి వాకిట్లో మంచం మీద మేలుకునే ఉన్నాడు. మిల్లులో దూది మూటలు మోసి నడుము వంగిన మనిషి.

"నైనా... ఆ గుహలో ఉండేది అమ్మే. నా పేరు పెట్టి పిల్చింది. నెత్తురొస్తా ఉండాదని..."

ముసలాయన ఉలిక్కిపడలేదు. పేయి ఏంది, పిచ్చి ఏంది అనలేదు. లేచి కూర్చుని, "రాయి తలకు తగిలిందా?" అన్నాడు.

కరుప్పుసామి తండ్రి ముఖంలోకి చూశాడు. దెయ్యానికి రాయి తగలడమేమిటి?

అప్పటికే మాయాండి లాంతరు ముట్టించాడు. ఉతికిన పాత పంచె ఒకటి తీసి పొడుగ్గా చింపుతున్నాడు. "నడువు," అన్నాడు. "సీక్కిరం."

దారిలో చెప్పాడు, ఒక్కో ముక్కా. వీరాయి చేతుల మీద మచ్చలు లేచాయి. పొయ్యిలో వేలు కాలినా తెలియలేదు. పెద్దరోగం. బయటపడితే కాలనీలో ఉండనియ్యరు, పని ఉండదు, పిల్లవాణ్ణి ఎవరూ దగ్గరికి రానియ్యరు.

"ఆమే అనింది... నేను సచ్చిపొయినానని చెప్పు, పిల్లోడు బతుకుతాడు అని. కలరా రోజులు గదా. ఉత్త చాప చుట్టి పూడ్చినా."

వేరుశనగ చేను కాపలా అని వారానికి మూడు రాత్రులు తండ్రి అన్నం మూట కట్టుకుని పోయేది ఎక్కడికో కరుప్పుసామికి అప్పుడు తెలిసింది.

"మరి పేయి?"

"ఎవురూ లోపలికి రాకూడదని, పేయి ఉండాదని పుట్టించింది నేనే." మాయాండి లాంతరు చెయ్యి మార్చుకున్నాడు. "రాళ్ళు వెయ్యమని మటుకు నేను చెప్పలా."

గుహలో గబ్బిలాల కంపు. చిట్టచివరి పడక మీద, గోడవైపు తిరిగి, ముడుచుకుని ఒక మనిషి.

"లాంతరు తగ్గించు," అంది ఆ మనిషి. "పిల్లోడు బయపడతాడు."

నుదురు పగిలి ఉంది. మాయాండి కట్టు కట్టాడు. ఆమె చేతులకు వేళ్ళు లేవు. పడక పక్కనే మోకాలెత్తున రాళ్ళు, ఒకదానిమీద ఒకటి పొందిగ్గా పేర్చి ఉన్నాయి. కరుప్పుసామి వాటినే చూస్తూ నిలబడిపోయాడు.

"అవి నీవే," అంది, ముఖం తిప్పకుండానే. "ఇంత లోపలిదాకా వచ్చేవి నీవే గదా. ముందు నీ దగ్గు ఇనపడతాది, ఆనక రాయి వస్తాది. పిల్లోడు పనినుంచి బాగానే వచ్చినాడు అనుకోని పండుకుంటా. నాలుగు రాత్రులు రాలేదే నువ్వు... ఏమాయనో అని ఈ పొద్దు వాకిలికాడికి వచ్చి చూస్తా ఉన్నా."

అందుకే తగిలింది.

కరుప్పుసామి ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. మొగవాడు ఏడవచ్చా అని అడిగేవాళ్ళు అక్కడ లేరు.

ఆ ఏడుపులోనే ఒకటి గుర్తొచ్చింది. మిల్లు వైద్యశాల గోడకు ఒక కాగితం అంటించి రెండేళ్ళయింది. కుష్ఠురోగం శాపం కాదు, అంత తేలిగ్గా అంటుకోదు, మాత్రలు మింగితే నయమవుతుంది, పెద్దాసుపత్రిలో ఊరికే ఇస్తారు... అని తమిళంలో ఉంటుంది. చదవడం రానివాళ్ళకు దాన్ని గట్టిగా చదివి వినిపించింది కూడా తనే. చదివిన తనకు అది ఎవరికోసమో తెలీదు. తెలిసిన తండ్రికి చదవడం రాదు. మాయాండి రెండేళ్ళుగా ఆ గోడకే ఆనుకుని బీడీ కాల్చుకున్నాడు.

కరుప్పుసామి చెప్పింది విని, "మందు ఉండాదా?" అన్నాడు మాయాండి. అలాగే రాతిమీద కూర్చుండిపోయాడు.

"ఇప్పుడెందుకు సామీ... వేండా," అంటూనే ఉంది వీరాయి. ఒప్పించేసరికి తెల్లవారుజామైంది. మొదటి బస్సు ఆపడానికి మాయాండి లాంతరు పట్టుకుని, కొండ అవతలి మేకల దారిన రోడ్డుకు పోయాడు. మనిషిని మోసుకుని ఆ దారిన దిగలేరు. కరుప్పుసామి తల్లిని వీపుమీద ఎక్కించుకుని ఎప్పటి దారిలోకే దిగాడు. బరువే లేదు ఆమె. పంతొమ్మిదేళ్ళ తరవాత కొండ దిగుతున్న ఆమె, గాలి తగిలి వణుకుతూ ఉంటే అతని వీపుకు తెలుస్తోంది.

మొదటి షిఫ్టుకు మిల్లు కూత వినపడింది. తూర్పున ఇంకా చీకటే. కింద అడుగుల చప్పుడు... ముగ్గురో నలుగురో. గుహలోంచి రెండు తలల ఆకారం ఒకటి దిగి వస్తోంది — వాళ్ళకు కనపడింది అదీ.

అడుగులు ఆగాయి. నేలమీద రాళ్ళు ఏరుకునే చప్పుడు. ఆ చప్పుడు కరుప్పుసామికి తెలిసినంతగా ఎవరికి తెలుసు?

నేనురా, కరుప్పును... అనబోయాడు. దగ్గు తెర అడ్డం పడింది. మాట పెగల్లేదు.

ముందున్నవాడు భుజం ఎత్తాడు. నడుము తిప్పాడు. ఆ చీకట్లోనూ కరుప్పుసామి ఆనవాలు పట్టాడు — అయ్యప్పన్. ఆ కుడిచేతిలో ఉన్నది ఆఖరి రాయి.

వీపుమీదినుంచి ఒక చెయ్యి వచ్చి అతని నుదుటికి అడ్డంగా వాలింది. వేళ్ళు లేని చెయ్యి.

"కండ్లు మూసుకో సామీ," అంది తల్లి. "నా చేతికి నొప్పి తెలీదులే."