ఒకే తీరున సాగిన పడవ

ఆవిడ వచ్చేసరికి పొద్దున తొమ్మిదైంది. సరస్సు మీంచి లేచిన ఆవిరి ఇంకా వీధిని వదల్లేదు. ఎదురింటి గోడ ఉన్నట్టూ లేనట్టూ ఉంది. గుమ్మంలో నిలబడ్డ మనిషి ఆ తెల్లదనంలోంచే ఊడిపడిందా అనుకున్నాడు బావమరిది. చేతిలో చిన్న సంచి, మెడలో కొలత టేపు. టేపు తీయడం మర్చిపోయి వచ్చేసినట్టుంది.

"తక్కెడగారంటే మీరేనా?"

"నేను ఆయన బావమరిదినమ్మా. ఆయన లోపల ఓ నీళ్ల మోటారుతో మంతనాలాడుతున్నారు. రండి."

మాట తమాషాకే అన్నా, నిజంగానే తక్కెడ అప్పుడు పాత మోటారు మీద చెవి ఆనించి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్లు పాత యంత్రాలు కొని అమ్మిన మనిషి. రంగు చూసి, మాట విని ఎన్నడూ కొనలేదు; తిప్పించి, చెవితో తూచి కొన్నాడు. అలా తూచీ తూచీ, యంత్రంలో లోపమేదో, మాటలో లోపమేదో ఒకే చెవితో పట్టేయడం అలవాటైంది. జనం మోటార్లు మానేసి చిక్కులు మోసుకురావడం మొదలెట్టారు. వాకిట్లో 'పాత మోటార్లు కొనబడును' అనే బోర్డు మాత్రం మారలేదు. తపాలా గుమాస్తాగా పదవీ విరమణ చేసిన బావమరిది పక్కన కూర్చుని అంతా రాసుకుంటాడు. పైకి వెక్కిరిస్తాడు గానీ, బావ చెవి అంటే అతనికి లోపల ఎంత గురో రాసుకున్న పుస్తకాలకే తెలుసు.

"కూర్చోమ్మా. ఏం పోయింది?" అన్నాడు తక్కెడ.

"నాది పోలేదండీ. పోయింది నేను తీశానంటున్నారు. నాలుగింటికల్లా విడిది ఖాళీ చేయాలట." మెడలో టేపు తీసి చేతికి చుట్టుకుంది. "నేను కుట్టుపని చేస్తాను. మోటార్ హోమే నాకు ఇల్లు, అదే దుకాణం. దొంగ అని పంపించారంటే ఇంకే విడిదిలోనూ నా బండి ఆపనివ్వరు. వాళ్లు ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటారు."

మంచినీళ్లు తాగాక అంతా చెప్పింది. సరస్సు ఒడ్డున బళ్లు నిలుపుకునే విడిది. దాని యజమానురాలు పెద్దావిడ. ఆవిడ అత్తగారినుంచి వచ్చిన ముత్యాలు ఓ రేకు డబ్బాలో ఉన్నాయి. మనవరాలి పెళ్లి గౌనుకి వాటిని కుట్టే పని ఈవిడదే. రోజూ ఆఫీసు గది బీరువాలోంచి డబ్బా తీసుకుని, పని కాగానే అక్కడే పెట్టేస్తుంది. నిన్న మధ్యాహ్నం రెండుకి ఉన్న డబ్బా నాలుగుకి లేదు.

"ఆ రెండు గంటలూ నిశ్శబ్ద వేళండీ. ఏడు మీటర్ల దూరంలో అరవై డెసిబెల్స్ దాటి మోగే జనరేటర్లన్నీ ఆపేయాలి. నాది బండి కడుపులో బిగించి వచ్చింది. అరవై ఆరు పలుకుతుంది. ఇస్త్రీపెట్టె పెట్టినా తీసేసినా దాని గోల ఒకటే గోల. రెండు కొట్టగానే ఆపేశాను. తడి తువ్వాలు కప్పుకుని, కిటికీలన్నీ తెరిచి చెట్టు నీడలో బండిలోనే పడుకున్నాను. చూసినవాళ్లు లేరు."

"మిగతావాళ్లు?"

"రెండు బళ్లవాళ్లు పట్నం వెళ్లారు. పెద్దావిడా, కాపలాదారూ రేవులో పడవలకి రంగు వేస్తున్నారు. గడియారాలు బాగుచేసే తాత తాళ్ల ఉయ్యాలలో పడుకున్నాడు. మోకాళ్ల నొప్పులు, ఎవరైనా లేపితే తప్ప అందులోంచి లేవలేడు. ఇక పెద్దావిడ మరిదిగారు. ఆయనది చేత్తో ఎత్తుకెళ్లే చిన్న జనరేటర్, బండి బయట నేల మీద పెడతారు. అది చప్పుడు తక్కువది కాబట్టి నిశ్శబ్ద వేళలోనూ ఒప్పుకుంటారు. రెండు గంటలూ మోగుతూనే ఉందట. నాలుగింటికి ఇస్త్రీ నలగని చొక్కాతో అందులోంచే దిగారు. అంటే ఆయన లోపలే ఉన్నట్టు కదా."

"అదేం లెక్క?"

"మా విడిదిలో అంతేనండీ. మోత వస్తుంటే మనిషున్నట్టు, మోత లేకపోతే బండి ఖాళీ. చమురు కాలబెట్టి ఎవరూ బయట తిరగరు కదా. నా బండి చప్పుడు చేయలేదు. అందుకని నేను లోపల లేనట్టే."

తక్కెడ బావమరిది వైపు చూశాడు. "విన్నావుటోయ్? మాట్లాడనివాళ్ల మీదే నేరం. మీ ఆఫీసులోనూ ఇంతేనా?"

"మా ఆఫీసులో మాట్లాడినవాళ్లకి బదిలీ, బావా. పద, గొడుగు తెస్తాను."

*

విడిదికి చేరేసరికి మంచు పూర్తిగా కరిగిపోయి ఎండ నిలువునా దిగింది. ఐనా అక్కడ ఏదీ మెలకువగా ఉన్నట్టు లేదు. సరస్సు కదలడం లేదు. బోర్లించిన పడవల మీద నీలం రంగు ఇంకా ఆరలేదు, ఆ వాసన గాలిలో నిలబడిపోయింది. నడుస్తుంటే తన అడుగులే తనకి దూరం నుంచి వినిపిస్తున్నాయనిపించింది బావమరిదికి.

కాపలాదారు జేబులోంచి చిన్న మీటరు తీసి చూపించాడు. "రోజూ రెండుంపావుకి కొలిచి పుస్తకంలో రాస్తానండీ. మరిదిగారిది మొన్న యాభై తొమ్మిది. అంచు మీద ఉంది బాబూ, జాగ్రత్త అన్నాను. నిన్న రంగు పని మధ్యలో వచ్చి చూస్తే యాభై ఒకటి! జనరేటర్ కింద రబ్బరు చాప మడిచి వేశారు. చెప్పీ చెప్పగానే దిద్దుకున్నారు. ఎంత మర్యాదస్తుడో చూడండి."

"మర్యాదే," అన్నాడు తక్కెడ. బావమరిది రాసుకున్నాడు: మొన్న 59, నిన్న 51, చాప.

మరిదిగారి బండి సరస్సుకి ఎదురుగా, చెట్టూ చేమా లేని చోట నిలిచి ఉంది. అద్దాలు బిగించి, తెరలు దించి ఉన్నాయి. తక్కెడ రేకు మీద చేయి పెట్టి, చటుక్కున తీసేశాడు. మరిదిగారు నవ్వుతూ దిగాడు. నున్నగా దువ్విన తల, ఇస్త్రీ చొక్కా.

"కాల్చుకున్నారా? దృశ్యం కోసం ఎండలో పెట్టానండీ. దేనికైనా ఖరీదుంటుంది."

"నిన్న మధ్యాహ్నం?"

"ఇందులోనే. ఏసీ వేసుకుని పడుకున్నా. నాలుగింటికి వదిన కేక విని లేచా."

"మధ్యలో ఏసీ ఆపారా?"

"ఆపితే ఉడికిపోనూ! రెండు గంటలూ నడుస్తూనే ఉంది. తాతనడగండి, చెవి దగ్గరే మోగింది ఆయనకి."

గడియారాల తాత ఉయ్యాల సరిగ్గా ఆ బండికీ ఆఫీసుకీ మధ్య రెండు స్తంభాలకి కట్టి ఉంది. తక్కెడ పక్కన ముక్కాలిపీట వేసుకున్నాడు.

"తాతా, నిన్న ఎవరైనా వెళ్లడం చూశావా?"

"కళ్లు మూసుకుని చూడటం నాకింకా రాలేదురా అబ్బాయ్."

"మరి ఏం విన్నావు?"

"వినలేదు. కలగన్నాను." తాత ముఖంలో ముడతలన్నీ సర్దుకున్నాయి. "పడవ. పెద్ద నీళ్లు. ఒడ్డు లేదు. పడవ అలా పోతూనే ఉంది, ఒకటే తీరున, దారపుండలోంచి దారం లాగినట్టు. ఒక్క కుదుపు లేదు. మా ఆవిడ ఎదురుగా కూర్చుని బఠానీలు వలుస్తోంది. ఆవిడ పోయి పదేళ్లు. మెలకువొస్తే పోతుందని కదలకుండా పడుకున్నాను."

బావమరిది కలం ఆగిపోయింది. తక్కెడ మాత్రం సరుకు బేరమాడేవాడిలా ముందుకి వంగాడు.

"మొన్న మధ్యాహ్నం ఏం కలొచ్చింది?"

"మొన్నా? మొన్న దిక్కుమాలిన కల. లారీలో ఘాట్ రోడ్డు. మూలుగుతూ ఎక్కుతుంది, హమ్మయ్య అనేలోపు దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. మా ఆవిడ రాలేదు. ఆవిడకి ఘాట్ రోడ్డంటే వాంతులు."

తక్కెడ లేచి తాత భుజం తట్టాడు. "మంచి సరుకిచ్చావు తాతా."

దూరంగా వచ్చాక బావమరిది ఆగలేకపోయాడు. "బావా, కలలు కూడా రాయమంటావా? రేపు ఎవరైనా అడిగితే పరువుండదు."

"రాయి. పాత మోటారు నేను కళ్లు మూసుకుని ఎందుకు వింటాను? కళ్లు తెరిస్తే రంగు అడ్డొస్తుంది. తాతకి అదీ అడ్డు రాలేదు."

*

రెండు కావస్తుండగా అందరూ మరిదిగారి బండి ముందు చేరారు. పెద్దావిడ చేతులకి ఇంకా నీలం రంగు ఉంది. కుట్టుపనావిడ ఓ పక్కన ఒంటరిగా నిలబడింది. ఆమె బండి అప్పటికే సామాను కట్టేసుకుని ఉంది. తాత ఉయ్యాలలోంచే వింటానన్నాడు.

"నాకు తెలిసింది యంత్రాల బేరం," అన్నాడు తక్కెడ. "అందుకని అలాగే చెబుతాను. జనరేటర్లు రెండు రకాలు. బండిలో బిగించినది నిలకడ మనిషి. పనున్నా లేకపోయినా ఒకే వేగం, ఒకే గొంతు. ఈ చిన్నది అలా కాదు. పొదుపు మీట నొక్కి పెడితే పని తక్కువైనప్పుడు గొంతు తగ్గిస్తుంది, పని పడగానే పెంచుతుంది. పొరుగువాడికి సుఖం, చమురుకి ఆదా. బాబూ, మీరు ఆ మీట మీదే నడుపుతారు కదా?"

"ఎప్పుడూనూ," అన్నాడు మరిదిగారు. "పక్కవాళ్లని ఇబ్బంది పెట్టడం నాకు నచ్చదు."

"సంతోషం. ముందు ఉత్తగా నడపండి."

చిన్న జనరేటర్ పిల్లిలా గురగురలాడింది. కాపలాదారు ఏడు మీటర్లు వెనక్కి వెళ్లి మీటరు ఎత్తాడు. "యాభై ఒకటండీ."

ఉయ్యాలలోంచి తాత గొంతు నిద్రమత్తుగా వచ్చింది. "ఇదేరా! ఇదే పడవ!"

"ఇప్పుడు ఏసీ వేయండి."

మరిదిగారు కదల్లేదు. బావమరిదే లోపలికెళ్లి మీట నొక్కాడు. ఒక్క క్షణం ఏమీ లేదు. తర్వాత జనరేటర్ గొంతు సవరించుకుని, బరువెత్తుకున్నట్టు మూలిగి పైకి లేచింది. కాపలాదారు మీటరుని ఓసారి విదిలించి మళ్లీ చూశాడు. "యాభై ఎనిమిది!"

"నిన్న వేసిన చాప ఇంకా దాని కిందే ఉంది," అన్నాడు తక్కెడ. "ఉన్నా యాభై ఎనిమిది. అంటే చాప తగ్గించింది ఒక్క డెసిబెల్. మిగతా ఏడూ ఎక్కడికి పోయాయి?"

ఏసీ యంత్రం దానంతటదే ఆగింది, జనరేటర్ గొంతు దిగింది. మళ్లీ అందుకుంది, ఎక్కింది.

"ఘాట్ రోడ్డు," అన్నాడు తాత దిగులుగా. "ఆపండ్రా."

"మొన్న మరిదిగారు నిజంగా ఏసీ వేసుకుని పడుకున్నారు. తాతకి ఘాట్ రోడ్డు కలొచ్చింది, మీటరు యాభై తొమ్మిది పలికింది. నిన్న మోత ఉంది గానీ దాని మీద బరువు లేదు. ఏసీ నడవలేదు. ఈ ఎండలో, అద్దాలు బిగించిన ఈ రేకు డబ్బాలో ఏసీ లేకుండా రెండు గంటలు పడుకున్న మనిషి నాలుగింటికి చొక్కా నలగకుండా దిగడు. ఇందులో ఎవరూ లేరు. మోతని కాపలా పెట్టి మనిషి బయటికెళ్లాడు. తడి తువ్వాలు కప్పుకుని చెట్టు నీడలో పడుకున్నావిడ మాత్రం లోపలే ఉంది. మీరు మోతని లెక్కపెట్టారు, మనిషిని లెక్కపెట్టలేదు."

"వదినా, తాత కలల్ని పట్టుకుని ఈయన..." అని మొదలెట్టాడు మరిదిగారు.

"కల తాతది. అంకెలు మీ కాపలాదారు చేత్తో రాసినవి." తక్కెడ జనరేటర్ ఆపాడు. నిశ్శబ్దం నీళ్లలా వచ్చి అందరి చుట్టూ నిండింది. "ఇక ఆ చాప. యాభై తొమ్మిది మీద మందలిస్తే దిద్దుకున్నారని అందరూ మెచ్చుకున్నారు. ఒక్క డెసిబెల్ కోసం చాప వేసే మనిషి దాన్ని ఇలా మధ్యలో బోలుగా మడవడు. బావమరిదీ, ఓ పట్టు పట్టు."

ఇద్దరూ చెరోవైపు పట్టి జనరేటర్‌ని ఎత్తారు. దాని నాలుగు కాళ్ల మధ్య, మడిచిన రబ్బరు పొరల్లో, పల్చటి రేకు డబ్బా ఉంది. నడిచే యంత్రం కింద ఎవరు చేయి పెడతారు?

పెద్దావిడ డబ్బా తీసి మూత విప్పింది. ముత్యాలు ఎండకి కళ్లు చికిలించినట్టు మెరిశాయి.

"అవి మా అమ్మవి వదినా," అన్నాడు మరిదిగారు. గొంతులో నునుపు పోయింది. "అన్నీ నీ మనవరాలి గౌనుకేనా? నా కూతురికి ఒక్కటైనా ఇస్తానన్నావా?"

"అడిగావా?"

అతను చాపని కాలితో పక్కకి నెట్టాడు.

"అడిగితే సగం ఇచ్చేదాన్ని. ముత్యాలు నీ దగ్గరుంటే ఇంట్లో ఉన్నట్టే. కానీ ఆవిడ బండి చప్పుడు చేయలేదని నిన్న నాతో చెప్పింది నువ్వే. నేను వెనకా ముందూ చూడకుండా నమ్మాను." పెద్దావిడ కుట్టుపనావిడ దగ్గరికెళ్లి, నీలం రంగు చేత్తోనే డబ్బా ఆమె చేతిలో పెట్టింది. "పొద్దున రెండు విడిదులకి ఫోన్ చేసి నీ గురించి చెప్పాను తల్లీ. ఇప్పుడు ఆ రెంటికీ మళ్లీ చేస్తాను. నువ్వు పక్కనే ఉండి విను. అబ్బాయ్, నీ బండి తాళాలు తీసుకో. నాలుగింటికి ఖాళీ కావలసింది నీ చోటు."

*

నాలుగు కొట్టేసరికి ఓ బండి సరస్సు ఒడ్డున చతురస్రంగా ఎండిన గడ్డిని వదిలి వెళ్లిపోయింది. నిశ్శబ్ద వేళ ముగిసింది. చెట్టు కింద సామాను విప్పుకున్న బండిలో కుట్టుపనావిడ జనరేటర్ వేసింది. అది గర్జించింది. అరల్లో గ్లాసులు గలగలలాడాయి. కరెంటు కుట్టుమిషన్ నడిపినా ఆపినా గొంతు మారలేదు.

తాతని లేపి కుర్చీలో కూర్చోబెట్టి, ఖాళీ ఐన ఉయ్యాలలో బావమరిది ఒరిగాడు.

"ఒక్క సంగతి బావా. ఆ మరిదిగారిది కూడా ఇలా బండిలో బిగించినదే ఐతే?"

"ఐతే దొరికేవాడు కాదోయ్. ఇల్లు ఖాళీగా ఉన్నా ఇదే గోల పెడుతుంది, దీని గొంతు విని లోపలి గుట్టు ఎవరూ చెప్పలేరు. అతని కొంప ముంచింది అతని మర్యాదే. పక్కవాళ్ల నిద్ర చెడకూడదని నొక్కిన మీట."

బావమరిది పుస్తకం గుండెల మీద బోర్లించుకున్నాడు. కళ్లు మూతపడుతున్నాయి. మోత ఒకే తీరుగా వస్తోంది. అది నెమ్మదిగా నీళ్లయింది, నీళ్ల మీద నీలం పడవయింది. ఎదురుగా బావ చెవి మీద చేయి పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పక్కన ఎవరో ముసలావిడ బఠానీలు వలుస్తూ తలెత్తింది.

"మా ఆయన ఎక్కడ బాబూ? ఇది ఆయన పడవ కదా?"

బావమరిది ఉలిక్కిపడి లేచాడు. కుర్చీలో తాత ఉయ్యాల వైపే చూస్తున్నాడు.

"లే తాతా," అన్నాడు చేయి అందిస్తూ. "నీ చోటు నీకే. నీకోసం అడుగుతున్నారు."