దారి బత్తెం

పెరుగు గిన్నె లోపల పెడదామని ఫ్రిజ్ తెరిచాడు అతను. వేలు దూర్చే సందు లేదు. అప్పటికే ఏడు డబ్బాలున్నాయి. ఏడింటి మీదా ఆదివారం నుంచి శనివారం దాకా చీటీలు.

"ఇన్ని కూరలెందుకే?"

"వారమంతా ల్యాబ్‌లో ఊపిరాడదు. పెళ్ళాం వండిపెడితే ఎదురు ప్రశ్నలా?" అద్దం ముందు చెవిపోగు పెట్టుకుంటూ అంది ఆమె. ఆ పోగులతో ఆమె వరండాలో నడిస్తే ల్యాబంతా తలలు తిప్పేది. అందరికన్నా ముందు తిప్పినవాడు అతనే.

ఆమె వెళ్ళిన పది నిమిషాలకు ఫోన్ మోగింది.

"ఫ్యాన్ రిపేరయిందా?" నిఘా విభాగం పెద్దాయన గొంతు.

"బేరింగ్ రావాలి." కోడ్ సరిపోయింది.

"విను. విదేశీ ముఠా ఇవాళ నాలుగింటికి ల్యాబ్‌లోని ఫ్లాస్క్ దాటిస్తోంది. మూడు రోజుల ప్రయాణం. మోసేది లోపలి మనిషే. ఎవరో తెలీదు."

"మా ఆవిణ్ణి కనుక్కోమంటారా?"

"ఆవిడ మన ఇన్‌ఫార్మరే అనుకో. అయినా ఈసారికి వద్దు."

ల్యాబ్‌లో అతను మైక్రోస్కోప్ మెకానిక్. రెండేళ్ళుగా అదే వేషం. ఫ్లాస్క్‌లో ఉన్నవి పసిపిల్లల కాలేయ జబ్బుకి మందు కోసం పెంచుతున్న సెల్స్. ఫ్రీజర్‌లో దాచినవాటిని ముఠా పోయిన నెలే పాడుచేసింది. మిగిలింది ఈ ఒక్క ఫ్లాస్కే.

ల్యాబ్‌కి వెళ్ళగానే దాన్ని వెచ్చటి ఇన్‌క్యుబేటర్ లోంచి తీసి లెన్స్ కింద పెట్టాడు. ఫోకస్ తిప్పుతున్న చెయ్యి ఆగిపోయింది.

ప్రతి సెల్ నిండా మెరిసే కొవ్వు బొట్లు, గుత్తులు గుత్తులుగా. మొన్న ఒక్కటీ లేదు.

ఈ చదువు అతనికి ఆమే చెప్పింది, పెళ్ళయిన కొత్తలో, ఇదే స్టూలు మీద కూర్చోబెట్టి.

"సెల్ లోపల పొరలుంటాయి, రెండు రేకులు అతికించినట్టు. నూనె ఆమ్లం పోస్తే అది కొవ్వుగా మారి ఆ రేకుల మధ్య చేరుతుంది. ఉబ్బి ఉబ్బి, పై రేకుని ఒంటికి చుట్టుకుని బొట్టులా బయటికొస్తుంది. తిండి దొరకనప్పుడు సెల్ దాన్నే కొంచెం కొంచెంగా కరిగించి కాల్చుకుంటుంది."

"అంటే దారి బత్తెం."

"పర్లేదే, మెకానిక్‌కి బుర్రుంది."

నిన్న ఎవరో వీటికి నూనె ఆమ్లం పోశారు. ముఠా చెప్పి ఉండదు. సెల్స్ ఆకలి దొంగలకేం పట్టింది? బయల్దేరేముందు వాటి కడుపు నింపాలని తోచే మనిషి ఒక్కరే. అక్కగారింటికి ఒక్కరోజు వెళ్ళినా ఇంట్లో రెండు రోజులకి వండిపెట్టే మనిషి.

చీటీలంటించిన ఏడు డబ్బాలు కళ్ళ ముందు మెదిలాయి.

పెన్ను కెమెరాతో ఫొటో తీశాడు. అసలు ఫ్లాస్క్‌ని గోరువెచ్చటి గుడ్డలో చుట్టి పనిముట్ల పెట్టెలో పెట్టుకున్నాడు. దాని చోట అదే మూత, అదే లేబుల్ ఉన్న ఉత్త ఫ్లాస్క్ పెట్టాడు. ప్రయాణం బట్టల కోసం ఆమె ఇంటికి రాక తప్పదు. 'నాలుగింటికి మా వీధిలో కాపు కాయండి' అని పెద్దాయనకి మెసేజ్ పంపాడు. ఎవరి కోసమో రాయడానికి వేళ్ళు రాలేదు.

నాలుగవడానికి పది నిమిషాలుందనగా ఆమె ఇంటికొచ్చింది. భుజాన వేడి నిలిపే సంచి. సూట్‌కేసు కోసం గదిలోకి వెళ్ళబోతూ బల్ల దగ్గర ఆగింది. బల్ల మీద కొవ్వు బొట్ల ఫొటో, పక్కనే అసలు ఫ్లాస్క్, ఎదురుగా అతను.

"ఆకలితో పంపలేకపోయావు కదూ," అన్నాడు అతను.

ఆమె ఫొటో చేతిలోకి తీసుకుంది. కింద వ్యాను రెండుసార్లు హారన్ కొట్టింది.

"మనవాళ్ళు వీధిలోనే ఉన్నారు," అన్నాడు అతను.

ఆమె సంచి విప్పి, అందులోని ఉత్త ఫ్లాస్క్ తీసి బల్ల మీద పెట్టింది. అసలుదాన్ని అరచేత్తో తాకి చూసింది. చల్లబడుతోంది. జాగ్రత్తగా సంచిలో పడుకోబెట్టి, జిప్పు లాగి, సంచిని అతని వైపు జరిపింది. సూట్‌కేసు తీసుకోలేదు. చెప్పులు వేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

కాసేపటికి ఫోన్.

"ఫ్యాన్ తిరుగుతోంది. వ్యానుతో సహా దొరికారు." పెద్దాయన గొంతు తగ్గించాడు. "మోసేదెవరో నీకు ముందే తెలుసన్నమాట... ఏమన్నా తిన్నావా?"

"వారానికి సరిపడా ఉందండి."