సదాపాకు నీళ్ళు

ఆ ఉదయం నేపుల్స్ మీద ఆకాశం పిండకుండా ఆరేసిన దుప్పటిలా ఉంది. వాన కురవలేదు, ఎండ కాయలేదు. రేవులో నిలబడ్డ మా అందరి నెత్తిన అలాగే బరువుగా వేలాడింది.

ఓడలో మూడో తరగతి వాళ్ళను ఆరుగురికొక బంతిగా విడగొడతారు. బంతికొక పెద్ద. ఆరుగురి తిండీ ఒకే గిన్నెలో వంటశాల నుంచి తెచ్చేది అతనే. కొండ జారి నా ఇల్లూ పొలమూ వాగులో కలిసిపోయాక నాకంటూ ఎవరూ మిగలలేదు. అందుకని నన్నొక ఆడవాళ్ళ కుటుంబంతో కలిపారు. ఫిలొమెనా, ఆమె అత్తగారు, ముగ్గురు కూతుళ్ళు. ఫిలొమెనా భర్త జెరార్దో తొమ్మిదేళ్ళుగా అమెరికా బొగ్గుగనిలో ఉన్నాడు. ఆయన దగ్గరికే వెళ్తున్నారు. మగవాణ్ణి నేనొక్కణ్ణే కనుక పెద్దరికం నాకొచ్చింది.

మొదటి పూటే పెద్దకూతురు నున్జియా గిన్నెలోకి తొంగిచూసింది.

"ఏమయ్యా, సముద్రంలో ముంచుకొచ్చావా? ఒక్క గింజ లేదు."

"వంటవాడు పోసిందే తెచ్చాను."

"వాడు పైపైన పోస్తాడు. అడుగునుంచి పొయ్యమనాలి. నోరు ఇంట్లో మరిచిపోయి వచ్చావా?"

ఇల్లు లేదని చెప్పలేదు. మర్నాడు అడుగునుంచి పొయ్యమన్నాను. ఆ రోజు చిక్కుడు గింజలు దొరికాయి. తన వైపున్న రెండు గింజల్ని ఆమె మెల్లగా నా వైపు నెట్టింది.

ఒకే గిన్నె కాబట్టి చెంచాలు తగిలేవి. ఆమె చెంచా నా చెంచాకు తగలని పూట లేదు. పిల్లల నాన్నమ్మకు చూపు సగమే గానీ ఆ చప్పుడు బాగా వినిపించేది. "ఈ గిన్నె రోజురోజుకీ ఇరుకైపోతోంది," అనేది. నున్జియా చెవులు ఎర్రబడేవి.

తొమ్మిదో రోజు వాన పట్టుకుంది. ఓడ పైతట్టు మీదున్న వాళ్ళందరూ లోపలికి పరుగెత్తారు. మేమిద్దరం పరుగెత్తలేదు. తడిసి దిగిన మమ్మల్ని ఫిలొమెనా చూసింది. ఇక దాచి లాభం లేదని, నున్జియాను నాకిమ్మని ఆమెను అడిగేశాను. కోప్పడలేదు. రేవులో జెరార్దో ఉంటాడని, ముందు నేలమీద దిగి ఆయన్ను అడగమని చెప్పింది.

అంతే కావలసింది. దిగాలి, అడగాలి.

ఒంటరి మగవాళ్ళ గది బాయిలర్ పక్కన. ఆ పొగకు నా కళ్ళు కొంచెం ఎర్రబడ్డాయి. అమెరికా రేవు ముందరి ద్వీపంలో డాక్టర్లు రెప్పలు తిప్పి చూస్తారని, జబ్బుంటే వెనక్కి పంపేస్తారని ఓడంతా భయం. నున్జియాకు మరీ భయం. మా కొండల్లో కంటికి సదాపాకు నానబెట్టిన నీళ్ళు వేస్తారు. నాన్నమ్మ మూటలో ఒక సీసా ఉంది. ఊళ్ళో నింపింది, మూడు వారాలయింది. దిగబోయే ముందురోజు సాయంత్రం నున్జియా అది అడిగి తెచ్చింది. నా గడ్డం పట్టుకుని తల వెనక్కి వంచింది. ఆమె చెయ్యి నన్ను తాకడం అదే మొదలు.

"మండుతోందా?"

"లేదు."

"నీకేదీ మండదు. రాయివి."

నిప్పు పోసినట్టుంది. చెబితే ఆ చెయ్యి తీసేస్తుందని చెప్పలేదు.

పొద్దునకు రెప్పలు అతుక్కుపోయాయి. డాక్టరు నా భుజం మీద సుద్దతో గీత గీసి పక్కకు పంపాడు. ఎనిమిది రోజులు ఆస్పత్రి గదిలో ఉన్నాను. అంటురోగం కాదన్నారు. కానీ ఎడమ కన్ను పోయింది, కుడి కంట్లో పొర కమ్మింది. కష్టం చేసుకుని బతకలేడు, పూచీపడే బంధువు లేడు, వెనక్కి పంపమని రాశారు. మగదిక్కు వచ్చేదాకా ఆడవాళ్ళను వదలరు గనుక వాళ్ళూ ఆ ద్వీపంలోనే ఉన్నారు. జెరార్దోకు కబురు ఆలస్యంగా అందింది.

నున్జియా ఇనుపవల అవతల నిలబడింది.

"నా చెయ్యే చేసింది."

"బాయిలర్ పొగ."

"అబద్ధం."

"పొగే. నాన్నమ్మకు ఇంకేమీ చెప్పకు."

"నేనూ నీతో వచ్చేస్తాను."

ఎనిమిది రోజులుగా ఆ మాట కోసమే చూశాను. "ఎక్కడికి? అక్కడ నిలబడ్డానికి నేల లేదు," అన్నాను.

"మరి నువ్వెక్కడికి పోతావు?"

ఆమె వల పట్టుకుంది.

"దిగాక మా నాన్ననడుగుతానన్నావు. దిగనివ్వలేదుగా. నన్నడుగు."

అడిగాను. సరేనంది. ఆ సరేతో ఏం చేసుకోవాలో ఇద్దరికీ తెలియలేదు.

మధ్యాహ్నం జెరార్దో వచ్చాడు. చిన్నపిల్లలిద్దరూ ఆయన్ను గుర్తుపట్టక తల్లి వెనక నక్కారు. నాన్నమ్మ రెండు చేతులతో ఆయన ముఖం తడిమి చూసుకుంది. ఫిలొమెనా ఆయన్ను పక్కకు తీసుకెళ్ళి చాలాసేపు చెప్పింది. ఆయన నన్నొకసారి చూసి, టోపీ తీసి చేత్తో పట్టుకుని అధికారుల గదిలోకి వెళ్ళాడు. తొందరగానే బయటికొచ్చాడు. బంధువు కాని వాడి పూచీ చెల్లదన్నారట.

భోజనమయ్యాక వాళ్ళ పడవ. సాయంత్రం నా ఓడ.

పొడుగాటి బల్ల దగ్గర జెరార్దో నా భుజం పట్టి తన కుడిపక్కన కూర్చోబెట్టాడు. నా అవతల నున్జియా. మా వైపు ఇంటాయన రొట్టె తుంచితే మొదటి ముక్క పెద్దకొడుక్కి ఇస్తాడు. ఆయనకు కొడుకుల్లేరు. గోళ్ళసందుల్లో బొగ్గు నల్లగా ఉన్న చేత్తో రొట్టె తుంచి, మొదటి ముక్క నా అరచేతిలో పెట్టాడు.

ఫిలొమెనా తల వంచుకుంది. నున్జియా నా వైపు తిరగలేదు. పడవ గంట కొట్టేదాకా అందరం తింటూనే ఉన్నాం.