కుట్టిన చెవికి మళ్లీ సూది

చింతపండు ముద్దలోకి వేలు దిగగానే చిన్నసామి మొహం ముడుచుకుంది. నీళ్లు చల్లి బరువు పెంచిన సరుకు. పొద్దున్నే తుంబలహళ్లి నుంచి వచ్చిన ఆ శాంపిల్‌ను అరుగు కిందికి విసిరేసి, చెయ్యి తువ్వాలుకు తుడుచుకున్నాడు. ధర్మపురిలో ఇన్నేళ్లుగా మండీ నడుపుతున్నా, తడి సరుకు ముట్టుకుంటే ఇప్పటికీ ఆయనకు ఒళ్లు జలదరిస్తుంది.

మనవరాలు యాళిని వచ్చి ఒళ్లో కూర్చుంది. తల నిమిరితే వేళ్లకు జిడ్డు తగిలింది. చెవితమ్మెలకు పసుపూ నూనే పట్టించి ఉన్నాయి. కమ్మలు లేవు.

"చిత్రా, పాప కమ్మలేవి?"

కోడలు గుమ్మంలో తలవంచుకుని నిలబడింది. కొడుకు బాలమురుగన్ శుభలేఖల కట్ట తెచ్చి తండ్రి పక్కన పెట్టాడు.

"నీకు చెప్పాలనే ఉన్నాను నాయనా. వచ్చే నెల పాపకు చెవులు కుట్టే ఫంక్షను. మండపం మాట్లాడినాను."

"పోయినేడే తొప్పూరులో కుట్టించినాం కదరా!"

"అప్పుడు మనమే కదా ఉన్నింది. చుట్టాలెవరు చూసినారు? కమ్మలు తీసేస్తే అప్పటికి పూడిపోతాది."

చిన్నసామికి విషయం అర్థమైంది. హోసూరు ఫ్యాక్టరీలో వీడి ఉద్యోగం పోయింది. కారు అప్పు, బ్యాంకు అప్పు, కార్డు బాకీ మాత్రం పోలేదు. వాటి వాయిదాలు కట్టడానికి ఫోను యాపుల్లో ఇంకో రెండు అప్పులు తీశాడు. ఇప్పుడు విందు పెట్టి, వచ్చినవాళ్లు చదివించే మొయి డబ్బుతో అవన్నీ తీర్చాలనుకుంటున్నాడు. శుభలేఖ తీసి చూశాడు. పిలిచేవారి పేరు 'చిన్నసామి' అని పెద్ద అక్షరాల్లో ఉంది.

"ఛీ! నన్ను అడగకుండా నా పేరు వేసినావా?"

"నువ్వు ఎన్ని ఇండ్లల్లో మొయి పెట్టినావు నాయనా! మనది మనం తిరిగి అడిగితే తప్పా?"

"ఉద్యోగం పోయినోళ్లు పని వెతుక్కుంటారు," చిన్నసామి భార్య సౌభాగ్యం లోపలినుంచే అరిచింది. "నా కొడుకు కన్నబిడ్డ చెవి వెతుక్కున్నాడు!"

"నువ్వుండమ్మా!"

"ఆమె ఎందుకుండాల?" చిన్నసామి గొంతు లేచింది. "లెక్క విను. మొయి ఊరికే వచ్చేది కాదు. వెయ్యి పెట్టినోడికి రేపు వెయ్యిన్నర పెట్టాల. ఇప్పుడు నీకు అప్పిచ్చినోళ్లు అయిదుమంది. ఆ విందు అయినాక ఊరంతా అప్పిచ్చినోళ్లే. దానికోసం మానిన చెవిలో మళ్లీ సూది దింపుతావా? నీళ్లు కొట్టిన చింతపండు అమ్మేవాడికీ నీకూ ఏమి తేడా?"

"నీకేం, మండీలో కూర్చుని మాట్లాడతావు! పొద్దున లేస్తే ఫోన్లు, తిట్లు. ఇంకేం చెయ్యమంటావు?"

అప్పుడు చిత్ర నోరు విప్పింది. "మా అన్న ఫోను చేసినాడు. మేనమామగా సీరు, నగా బట్టలూ తేవాల కదా. పాలావును అమ్మకానికి పెట్టినాడంట."

బాలమురుగన్ తెల్లబోయాడు. "తంగరాజ్ బావా? ఆ ఒక్క ఆవే కదా వాళ్లకు..."

"ఆ ఒక్కటే. పాలు పోస్తేనే వాళ్ల ఇల్లు గడుస్తాది. నీతో ఎట్లా చెప్పేదో తెలియక రాత్రంతా ఏడ్చినాను."

బాలమురుగన్ అరుగు అంచున కూలబడి మొహం చేతుల్లో దాచుకున్నాడు. వాడిమీద కలిగిన రోత చిన్నసామికి ఇంకా తగ్గలేదు. అయినా తడిసిన సరుకును ఎండబెట్టుకోక ఏం చేస్తాడు?

"కారు ఈ వారమే అమ్ముదాం," అన్నాడు గట్టిగా. "దాని అప్పు పోగా మిగిలింది ఫోను అప్పులకు కట్టు, వాటికే వడ్డీ ఎక్కువ. కార్డు మూసెయ్యి. బ్యాంకుకు నేనూ వస్తాను. ఉద్యోగం లేదని నిజం చెప్పి, వాయిదా తగ్గించి గడువు పెంచమని అడుగుదాం. పని దొరికేదాకా మండీలో తూకం చూడు, కూలి ఇస్తాను. ఊరికే మాత్రం పైసా ఇయ్యను."

"మండపం అడ్వాన్సు పోతాది నాయనా."

"పోనీ. అదొక్కటే సరైన నష్టం."

బాలమురుగన్ కళ్లు తుడుచుకుని ఫోను తీశాడు. "బావా, ఆవును అమ్మొద్దు... ఫంక్షను లేదు. నాకు పని పోయింది బావా. అప్పుల్లో ఉన్నాను." అవతల తంగరాజ్ ఏమన్నాడో గానీ, వీడు వెక్కి వెక్కి ఏడ్చాడు.

చిత్ర కొంగుముడి విప్పింది. రెండు కమ్మలూ అందులోనే ఉన్నాయి. యాళిని తాత చెయ్యి పట్టుకుని కళ్లు గట్టిగా మూసుకుంది. చిత్ర కమ్మను చెవితమ్మెకు ఆనించింది. కాడ నెమ్మదిగా లోపలికి దిగి అవతలికి వచ్చింది.

"ఇంకా పూడలేదు మామా," అంది చిత్ర ఏడుస్తూనే నవ్వి.