నీళ్ళకి నిలిచిన అతుకు

రాఘవమ్మ రెండో దోసె తిప్పేసరికి పేరయ్య వచ్చి పీట మీద కూర్చున్నాడు. అల్లప్పచ్చడి కోసం చెయ్యి చాచి పక్కనున్న మంచినీళ్ళ గ్లాసు పడేశాడు.

"బ్రాడీపేట డాక్టరు గారు ఎప్పుడో చెప్పారు గదండీ, శుక్లాలు ముదిరాయి, ఆపరేషన్ చేయించుకోమని," అంది రాఘవమ్మ గుడ్డతో నేల తుడుస్తూ.

"ఈ ట్యాంకు పంపించాక చూద్దాంలే."

"మీకు ఎప్పుడూ ఏదో ఒక ట్యాంకు ఉంటూనే ఉంటుంది."

పేరయ్య దోసె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. పర్చూరు శివార్లలో అతనికి వెల్డింగ్ షెడ్డు ఉంది. పెళ్ళినాటికి గేట్లూ, కిటికీ ఊచలూ అతికేవాడు. ఇప్పుడు ఫ్యాక్టరీల వాళ్ళు వెతుక్కుంటూ వస్తారు. ఈసారి చేస్తున్నది మిరపకాయల నుంచి నూనె తీసే ఫ్యాక్టరీకి, లోపల ఆవిరి ఒత్తిడి తట్టుకోవాల్సిన పెద్ద ట్యాంకు.

కూతురు తేజశ్రీ ఖాకీ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి తండ్రి పక్కన కూర్చుంది. మెకానికల్ చదివి, విశాఖపట్నంలో ఇలాంటి ట్యాంకుల వెల్డింగ్ నేర్చుకుని, పరీక్ష పాసై వచ్చింది. అప్పట్నుంచీ తండ్రి షెడ్డులోనే పని.

"ఒంగోలు కాలేజీ వాళ్ళకి ఏం చెప్పావే?" అంది రాఘవమ్మ. "లెక్చరర్ ఉద్యోగం పిలిచి ఇస్తామంటే ఇంకా ఆలోచనేంటి?"

"నాకు పాఠాలు చెప్పాలని లేదమ్మా. పని చెయ్యాలని ఉంది."

"చేతులు చూసుకున్నావా? అన్నీ బొబ్బలే! నాకు భయమేస్తదే తల్లీ. మీరు ఆ షెడ్డుకి పోయిన దగ్గర్నుంచి తిరిగొచ్చేదాకా నా ప్రాణం ప్రాణంలో ఉండదు."

తేజశ్రీ సాయం కోసం తండ్రి వైపు చూసింది. పేరయ్య పళ్ళెంలోంచి తలెత్తలేదు.

"అమ్మ చెప్పినట్టు విను. షెడ్డు సంగతి నేను చూసుకుంటాలే," అన్నాడు.

తేజశ్రీ సగం దోసె వదిలేసి లేచింది. తండ్రి ఇంతవరకూ ట్యాంకు కింది కాళ్ళూ, బ్రాకెట్లూ అతకడమే తనకు అప్పగించాడు. ట్యాంకు నడుం చుట్టూ వచ్చే పెద్ద అతుకులు మాత్రం ఎప్పుడూ ఆయనే వేస్తాడు. అడిగితే చూద్దామనేవాడు. ఇప్పుడు అసలు పొమ్మంటున్నాడు.

ఆ మధ్యాహ్నం ట్యాంకుకి నీళ్ళ పరీక్ష పెట్టారు. నిండా నీళ్ళు నింపి, పంపుతో ఒత్తిడి పెంచుతారు. ఎక్కడ అతుకు సరిగా పడకపోతే అక్కడ చెమట పట్టినట్టు నీళ్ళు ఊరతాయి. షెడ్డులో చాలాకాలంగా పనిచేసే కోటేష్ పొడిగుడ్డతో అతుకులన్నీ తుడుచుకుంటూ వచ్చి, నడుం దగ్గర ఆగిపోయాడు. తుడిచిన చోటే మళ్ళీ తడి మెరిసింది.

"ప్లేటులోనే ఏదో లోపం ఉంది," అన్నాడు పేరయ్య. "లేకపోతే వెల్డింగ్ రాడ్లు చెమ్మగిల్లి ఉంటాయి."

"రాడ్లు నేనే వేడిచేసి ఇచ్చాను నాన్నా."

"అయితే నా చేతిలోనే ఉందంటావా లోపం?"

తేజశ్రీ ఊరుతున్న నీళ్ళ బొట్టుని వేలితో తుడిచింది. ఈ ట్యాంకు రేపు ఫ్యాక్టరీలో మనుషుల మధ్య నిలబడుతుంది.

"చేతిలో కాదు నాన్నా. నీకు అతుకు కనపడటంలేదు. రాడ్డు సందులో పడకుండా పక్కకి పోతోంది. నిన్న చెప్పబోతే కసురుకున్నావు."

పేరయ్య మొహానికి పెట్టుకునే మాస్కు బల్ల మీద పడేసి, ఎండలోకి నడిచి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చి నవారు మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్నం వద్దన్నాడు. ఏం జరిగిందో రాఘవమ్మ కోటేష్‌కి ఫోన్ చేసి తెలుసుకుంది.

"నలుగురిలో తండ్రిని అంత మాటంటుందా? ఇప్పుడే పోయి చెయ్యి పట్టుకుని లాక్కొస్తాను. చాలు ఆ షెడ్డూ, ఆ చాకిరీ!"

"ఇప్పుడెట్లా వస్తారమ్మా? నీళ్ళు వదిలేసి, అమ్మాయిగారు ట్యాంకులోకి దిగారు. చెడ్డ అతుకు కోసేసి మళ్ళీ వేస్తన్నారు," అన్నాడు కోటేష్.

ఆ మాట చెవిన పడగానే పేరయ్య లేచి కూర్చున్నాడు.

"లోపలికి దిగిందా? గాలి పంకా పెట్టారో లేదో అడుగు. పద, నేనూ వస్తా."

ఆటోలో ఇద్దరూ మాట్లాడుకోలేదు. రోడ్డుకి అటూ ఇటూ కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు ముక్కుకి తగులుతోంది.

షెడ్డు పూజనాడు తప్ప రాఘవమ్మ ఆ గేటు దాటి ఎన్నడూ లోపలికి రాలేదు. కేరేజీ ఇచ్చి వెనుదిరిగేది. తిట్లన్నీ నాలుక చివర పెట్టుకుని విసురుగా లోపలికి వచ్చిన మనిషి, రెండడుగులు వేసి నిలబడిపోయింది. తాము కాపురం పెట్టిన పెంకుటిల్లు మొత్తం లోపల పట్టేంత ట్యాంకు పక్కకి పడుకుని ఉంది. తల పూర్తిగా వెనక్కి వంచితే గానీ దాని పైఅంచు కనపడలేదు. ఇంత ఇనుముని గుండ్రంగా వంచి, ముక్కకి ముక్క చేర్చింది తనని రోజూ దోసెకి చట్నీ అడిగే మనిషా?

ట్యాంకుకి ఒక పక్కన, మనిషి దూరేంత గుండ్రటి ద్వారంలోంచి తెల్లటి వెలుగు చిమ్ముతోంది. కోటేష్ అక్కడే గాలి పంకా పక్కన కాపలా నిలబడి, మధ్యమధ్య "అమ్మాయిగారూ!" అని కేకేస్తున్నాడు. జవాబుగా లోపల్నుంచి ఇనుము మీద టక్కుమని కొట్టిన చప్పుడు వస్తోంది.

"ఒట్టి కళ్ళతో చూడకు," అంటూ పేరయ్య బల్ల మీదున్న తన మాస్కు తీసి భార్య మొహానికి పెట్టాడు. "ఇప్పుడు చూడు."

మొదట అంతా చీకటి. తర్వాత ఆ చీకట్లో చిన్న సూర్యుడు లేచాడు. ఆ సూర్యుడి కింద ఇనుము కరిగి, నీళ్ళలా మెరుస్తూ ముందుకు జరుగుతోంది. వెనక వదిలినది పసుపుపచ్చగా మారి, పండు మిరపకాయలా ఎర్రబడి, మెల్లగా నల్లబడిపోతోంది. మోకాళ్ళ మీద కూర్చున్న కూతురు చెయ్యి వణకడంలేదు. అంత ఇనుమూ ఆ చేతికి లొంగి, ఎక్కడ కలవమంటే అక్కడ కలుస్తోంది.

రాఘవమ్మ మాస్కు తియ్యకుండానే భర్త చెయ్యి పట్టుకుంది.

"ఇన్నేళ్ళూ మీరు చూసేది ఇదేనా?"

"ఊఁ."

"నాకొక్కసారైనా చెప్పలేదే!"

"ఎట్లా చెప్పాలో తెలిసేది కాదు," అన్నాడు పేరయ్య. తర్వాత గొంతు తగ్గించి, "ఇప్పుడు నాకు వెలుగు తప్ప ఏం కనపట్టంలేదు రాఘవా. దాని పని ఎట్లా ఉందో నువ్వు చెప్పు," అన్నాడు.

భర్త తనని అలా ఏదీ అడిగి ఎరగడు. రాఘవమ్మ మాస్కు సరిచేసుకుంది.

"బెల్లప్పాకంలా ఉందండీ."

"ఆ పాకం రెండు అంచులకీ అంటుకుంటోందా? ఒక పక్కకే పోతోందా?"

"రెండిటికీ అంటుకుంటోంది."

"చిటపటమని ఎగిరిపడుతోందా?"

"లేదు. పూస గుచ్చినట్టు, ఒకటి మీద ఒకటి సర్దుకుంటూ పోతోంది."

పేరయ్య ద్వారం అంచు గట్టిగా పట్టుకున్నాడు. "వయసులో ఉన్నప్పుడు నేను కూడా అట్లా వెయ్యలేదే," అన్నాడు. చెంపల మీద జారిన నీళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయాడు.

వెలుగు ఆగింది. చెమటలో తడిసిపోయిన తేజశ్రీ ద్వారంలోంచి తల బయటికి పెట్టి, తల్లిని చూసి బిత్తరపోయింది.

"అమ్మా! నువ్వెందుకొచ్చావు?"

"తిట్టడానికే వచ్చాను," అంది రాఘవమ్మ. కొంగుతో కూతురి మొహం మీది మసి తుడిచింది.

తేజశ్రీ కిందికి దిగి తండ్రి ఎదుట నిలబడింది. "అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది నాన్నా. కానీ నన్ను ఒంగోలు ఎందుకు పొమ్మన్నావు?"

"నీ పనీ నా పనీ పక్కపక్కన పెట్టి చూస్తే నా పని అయిపోయిందని తెలిసిపోతదిగా తల్లీ. అందుకని."

"నీకు కళ్ళు మసకబారాయి నాన్నా. అంతేగా?"

పేరయ్య కూతురి బొబ్బల చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకున్నాడు. "ఇకనుంచి పెద్ద అతుకులు నువ్వే వెయ్యి. ఒంగోలు వాళ్ళకి..."

"వాళ్ళకి నేను చెప్తాను," అంది రాఘవమ్మ. "మా పిల్లకి మా షెడ్డులోనే పనుందని చెప్తాను. ఏమే, లోపల ఇంకా మిగిలిందా? అన్నం తిని దిగు. కోటేష్‌తో పాటు నేనూ ఇక్కడ నిలబడతాను. నేను పిలిస్తే మాత్రం వెంటనే పలకాలి."

మర్నాడు మళ్ళీ నీళ్ళు పట్టి ఒత్తిడి పెంచారు. కోటేష్ చేతిలోని గుడ్డ అతుకులన్నిటి మీదా తిరిగి, పొడిగానే ఉండిపోయింది. అదే వారంలో రాఘవమ్మ భర్తని బ్రాడీపేట తీసుకెళ్ళి కంటి ఆపరేషన్ చేయించింది.

కట్టు విప్పిన మర్నాడే పేరయ్య షెడ్డుకి బయల్దేరాడు. డాక్టరు గారు దుమ్ములోకి వెళ్ళొద్దన్నారని రాఘవమ్మ ఎంత పోరినా వినలేదు. నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, ఆమె భుజం పట్టుకుని వచ్చాడు. రంగు వెయ్యడానికి ట్యాంకు సిద్ధంగా ఉంది. ద్వారంలోంచి నెమ్మదిగా లోపలికి దిగి, కళ్ళద్దాలు తీసి, దీపం పట్టుకుని తన పాత అతుకు కోసేసిన చోటు కోసం వెతికాడు. కన్ను ఇప్పుడు స్పష్టంగా చూస్తోంది. వేలితో తడిమాడు. వెనక్కి వచ్చి మళ్ళీ మొదట్నుంచి చూశాడు. పాత పని ఎక్కడ ఆగిందో, కొత్తది ఎక్కడ మొదలైందో అంతు చిక్కలేదు.

"ఎక్కడే అమ్మాయ్, నువ్వు కోసి వేసింది?" అని లోపల్నుంచి కేకేశాడు. ట్యాంకు నిండా ఆయన గొంతు మోగింది.

"నువ్వే కనుక్కో నాన్నా!"

"దొరకట్లేదే!" అన్నాడు పేరయ్య. ఆ మాట అంటూ పసివాడిలా నవ్వుతున్నాడు. బయట నిలబడ్డ రాఘవమ్మ కూతురి భుజం మీద తల ఆనించి, ఆ నవ్వు వింటూ ఏడ్చేసింది.