పంపుహౌసు పల్లంలో ఆయిలు తాగే దెయ్యం

చీకటి పడ్డాక పంపుహౌసు పల్లంలో బండి నిదానించకూడదు. నిదానిస్తే వెనకాల తెల్లగా ఒకటి లేస్తుంది... మెడ ఉండదు, కాళ్ళుండవు. ఊళ్ళో ఈ మాట తెలియని డ్రైవరు లేడు. ఒక్కొక్కడికీ పదేసి ఏళ్ళ సర్వీసు, మీసాలు చూస్తే మూరెడు — ఆ పల్లం పేరెత్తితే చాలు, చంటిపిల్లల్లా ముడుచుకుపోతారు.

నాకు ఈ కథ చెప్పింది ఒక టాక్సీ డ్రైవరు. బక్కోడు అంటాం. వాడి కారు ఇంజిన్ విప్పి కొత్తగా కట్టింది సర్జన్ అనే మెకానిక్. ఆ పేరు ఎవరూ పెట్టలేదు, తనకి తనే పెట్టుకుని షెడ్డు గోడ మీద రాయించుకున్నాడు. చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుంటాడు. ఆయన డాక్టరీ అంతా అదే.

ఇంజిన్ కట్టిన వారానికి, రాత్రి ఎనిమిదింటికి, బక్కోడు ఒంటరిగా ఆ దారిన వస్తున్నాడు. ఊరంతటికీ అంత పొడుగు దిగుడు అదొక్కటే. పెట్రోలు మిగులుతుందని యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, గేరులోనే దించుకుంటూ వచ్చాడు. కింద పంపుహౌసు... తలుపు లేదు, కిటికీ లేదు. అక్కడికి రాగానే మళ్ళీ తొక్కాడు—

అద్దంలో లేచింది.

వెనక దీపాల ఎరుపులో, మనిషెత్తున, మెల్లగా ఊగుతూ... బండి వెనకే నాలుగు బారలు వచ్చి ఆగిపోయింది. బక్కోడి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంటికెలా చేరాడో వాడికే తెలీదు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. పైగా ఇంకో వింత — ఇంజిన్లో ఆయిలు తగ్గిపోతోంది. కింద చుక్క పడదు. పోసింది పోసినట్టు మాయం!

షెడ్డుకి పరిగెత్తాడు. సర్జన్ బానెట్ ఎత్తనైనా లేదు.

"కొత్త పిస్టన్ రింగులు. కుదురుకోవాలంటే వెయ్యి కిలోమీటర్లు తిరగాలి," అన్నాడు.

తిరిగాడు. "ఇంకో రెండు వేలు," అన్నాడు. అవీ అయ్యాయి. అప్పుడు సర్జన్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"నా పనిలో తప్పుండదు తమ్ముడూ... అదే తాగుతోంది. ఒకసారి రుచి మరిగితే ఆ బండిని వదలదు. పెళ్ళాం ఉన్నవాడివి... బండి నాకు వదిలెయ్, నేను చూసుకుంటా."

ఆ బండి లేకపోతే బక్కోడికి పొయ్యిలో పిల్లి లేవదు. అయినా సరేనన్నాడు! ఆదివారం పొద్దున్నే తాళాలు ఇచ్చేస్తానని ఒప్పుకుని మరీ వచ్చాడు. ఏం మనిషో!

శనివారం సాయంత్రం వాళ్ళ వదిన ఇంటికొచ్చింది. పెళ్ళానికి అక్క, స్పేర్ పార్టుల కొట్లో కౌంటరు దగ్గర ఉంటుంది. సంగతి విని ఆవిడ నవ్వలేదు.

"మరిదిగారూ, ఏ రంగులో ఉంది?"

"తెలుపే వదినా... ఆ ఎర్ర దీపాల్లో ఏం తెలుస్తుంది?"

"ఎత్తు ఎక్కేటప్పుడు కనపడుతుందా, దిగి మళ్ళీ తొక్కినప్పుడా?"

"దిగి... తొక్కినప్పుడే."

"పదండి."

చీకట్లో ఇద్దరూ పల్లానికి వచ్చారు. పంపుహౌసు దగ్గర వదిన తొక్కమంది. తొక్కాడు. అద్దంలో లేచింది... బక్కోడు గట్టిగా కళ్ళు మూసుకున్నాడు.

"ఆపండి," అంది వదిన. తలుపు తీసుకుని దిగి, నేరుగా ఆ దెయ్యంలోకి నడిచింది.

సెల్‌ఫోన్ లైటు వేసింది. తెలుపు కాదు, నీలం. సైలెన్సర్ గొట్టానికి చేతిరుమాలు అడ్డంపెట్టి వాసన చూసింది.

"కాలిన ఆయిలు. దిగుడులో మీరు కాలు తీసేస్తే ఇంజిన్ లోపలికి గట్టిగా పీలుస్తుంది. వాల్వుల మీద రబ్బరు సీళ్ళు ఎండిపోయి ఉంటే ఆయిలు లోపలికి జారుతుంది. మళ్ళీ తొక్కగానే కాలి, పొగై పోతుంది. ఇదే మీ దెయ్యం!"

"కొత్తగా కట్టిన ఇంజిన్ కదా వదినా..."

ఆవిడ చేతిరుమాలు మడిచి పెట్టుకుంది.

"సర్జన్‌గారికి ఆరేళ్ళుగా సామాన్లిస్తున్నది నేనే. రింగులు తీసుకెళ్తారు, గాస్కెట్లు తీసుకెళ్తారు. వాల్వు సీళ్ళు మాత్రం ఇంతవరకూ ఒక్కటీ అడగలేదు."

ఆరేళ్ళు... ఆ పల్లంలో దెయ్యం పుట్టీ ఆరేళ్ళే!

ఆదివారం తాళాలు వేరే మెకానిక్ చేతికి వెళ్ళాయి. మధ్యాహ్నానికల్లా పదహారు పాత సీళ్ళు బయటికొచ్చాయి, గోటితో నొక్కితే విరిగిపోతున్నాయి. వాటి చోట కొత్తవి వేశారు. ఆ రాత్రి పల్లంలో ఏమీ లేవలేదు.

ఇదంతా చెప్పి బక్కోడు పడీ పడీ నవ్వాడు.

"నాకంటే ముందు ముగ్గురు దద్దమ్మలు బళ్ళు ఆయనకే వదిలేసి పోయారటన్నా! ముక్కలు చేసి అమ్ముకున్నాడట. ఒక్కడంటే ఒక్కడికి వెనక్కి తిరిగి చూసే దమ్ము లేకపోయింది!"

నేనూ నవ్వాను. బక్కోడు ఈ ఊరొచ్చి రెండేళ్ళే, వాడికి తెలీదు — ఆ దెయ్యాన్ని మొట్టమొదట చూసింది, ఊరంతా చాటింది, కారు తాళాలు సర్జన్ చేతిలో పెట్టి ఆరేళ్ళుగా కాళ్ళీడ్చుకుంటూ నడుస్తున్నది... నేనే.