ఒక నది, రెండు సున్నాలు

హాలండ్ నుంచి వచ్చిన సీబ్రెన్, వేర్లే ఆఫీసులో అడుగుపెట్టీ పెట్టగానే ఆమెని "నువ్వు" అనేశాడు. ఇంకా తడిసిన కోటైనా విప్పలేదు.

"నీ నది మోడల్ చూశాను. అందులో సముద్రపు పోటు మరీ ఆలస్యంగా వస్తోంది," అన్నాడు, చెయ్యి కలుపుతూనే.

హాలండ్ వాళ్ళు ముక్కుసూటి మనుషులని బెల్జియంలోని ఆంట్‌వెర్ప్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కాఫీతో ఒక్క బిస్కెట్టు ఇచ్చి డబ్బాకు మూత పెట్టేస్తారనీ తెలుసు. అయినా వేర్లేకి ఒళ్ళు మండింది.

"మీరు ముందు కూర్చోండి. తప్పులు తర్వాత వెతుకుదురుగాని," అంది, ఆ 'మీరు'ను కాస్త ఒత్తి. ఇద్దరి భాషా ఒక్కటే. యాసలు వేరు, పంతాలు మరీ వేరు.

స్కెల్డె నది ఆమె ఊరు దాటి, అతని దేశం మీదుగా సముద్రంలో కలుస్తుంది. రాబోయే తుపాన్లకు రేవుగోడ ఎంత ఎత్తు లేపాలో రెండు దేశాలూ కలిసి తేల్చాలి. అందుకని నదిని కంప్యూటర్లో కట్టి, దాని మీదికి తుపానును వదిలి చూస్తారు. ఆమెదొక మోడల్, అతనిదొక మోడల్. రెండూ ఒకే జవాబు చెప్పిన రోజున గోడ ఎత్తు ఖాయమవుతుంది, సీబ్రెన్ తిరిగి తన ఊరు డెల్ఫ్ట్ వెళ్ళిపోతాడు.

ఆ రోజు ఎప్పుడొస్తుందా అని మొదట్లో వేర్లే ఎదురుచూసింది.

మధ్యాహ్నం వేడి సూప్ లేనిదే ఆమెకు భోంచేసినట్టుండదు. అతనేమో రెండు రొట్టెముక్కల మధ్య చీజ్ పెట్టుకుని కంప్యూటర్ ముందే నమిలేవాడు. అది తిండి కాదు, శిక్ష అని ఆమె వెక్కిరించింది. గంటసేపు తింటే అది భోజనం కాదు, సెలవు అని అతనన్నాడు. అలా వెక్కిరించుకుంటూ వెక్కిరించుకుంటూనే, వాన పడే సాయంత్రాలు ఒకే గొడుగు కింద ట్రామ్ దాకా నడవడం మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ రోజు రాకుండా ఉంటే బాగుండునని వేర్లేకి అనిపించసాగింది. పైకి మాత్రం అనలేదు. 

చివరికి సముద్రం వైపు నీటిమట్టాలు అతను ఆమెకు పంపాడు, ఎగువ మట్టాలు ఆమె అతనికి పంపింది. మోడళ్ళు నడిచాయి. ఆమె తెరమీద ఊరు ఊరంతా మునిగిపోయింది. అతని తెరమీద నది ఎండిపోయి, ఓడలన్నీ బురదలో చతికిలపడ్డాయి.

ఇంకేముంది, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నారు ఇద్దరూ. నీ అంకెలే తప్పని అతనూ, మీవే తప్పని ఆమే. మర్నాటికి మాటలు ఆగిపోయాయి. గొడుగులు కూడా రెండయ్యాయి.

ఆ గురువారం వేర్లే క్యాంటీన్‌కి వెళ్ళేసరికి సీబ్రెన్ ఓ మూల ఒంటరిగా సూప్ తాగుతున్నాడు. ఆమెను చూసి తేలు కుట్టిన దొంగలా గిన్నె పక్కకి జరిపాడు.

"మీరూ, సూపూనా?"

"నీతో కూర్చుని తినాలంటే అలవాటు చేసుకోవాలిగా," అన్నాడు. "నీ చేతిలో అదేంటి?"

చీజ్ పెట్టిన రొట్టె. అతని పక్కన కూర్చుని తిని రాజీపడదామని పొద్దున్నే చేసుకుంది. నవ్వబోయి వేర్లే ఆగిపోయింది. ఏదో తట్టింది.

"మీరు పంపిన మట్టాలు ఎవరి సున్నా నుంచి కొలిచినవి?"

నీటిమట్టం కొలవడం మొదలుపెట్టే సున్నా రెండు దేశాలకూ ఒకటి కాదు. బెల్జియం సున్నా, హాలండ్ సున్నాకి నిలువెత్తు మనిషి కన్నా ఇంకాస్త ఎక్కువే దిగువన ఉంటుంది. ఎదుటివాళ్ళ అంకెల్ని తమ సున్నాకి మార్చుకోవడం ఇక్కడి మోడల్ మనుషులకు నిద్రలో కూడా వచ్చే పని.

"మీ సున్నాకే మార్చి పంపాను," అన్నాడు. "నీకెందుకు శ్రమ అని."

"నేనూ మీ సున్నాకి మార్చే పంపాను. మీవి వచ్చాక చూడకుండా మళ్ళీ మార్చాను."

"నేనూ అంతే."

ఒకరికోసం ఒకరు జరిగి, ఇద్దరూ కలిసి ఒక ఊరిని ముంచి, ఒక నదిని ఎండగట్టారన్నమాట. క్యాంటీన్ అంతా తిరిగి చూసేలా నవ్వుకున్నారు.

సాయంత్రానికి రెండు మోడళ్ళూ ఒకే ఎత్తు చెప్పాయి. ఆఫీసులో కేకు కోశారు. సీబ్రెన్ తన వైర్లన్నీ చుట్టి సంచిలో పెట్టుకుంటుంటే వేర్లేకి ఏడుపొచ్చింది.

ట్రామ్ స్టాపు దగ్గర వాన. మళ్ళీ ఒకటే గొడుగు. అతనికి చెప్పకుండా తాను చేసిన పనొకటి ఆమె మనసులో మెదులుతోంది. ఉన్నట్టుండి భయం వేసింది.

"సీబ్రెన్, నాకు చెప్పకుండా నువ్వు ఇంకేమైనా మార్చావా?"

ఆమె తనను మొదటిసారి 'నువ్వు' అనడం అతను విన్నాడు. 

"ఇక్కడే ఉద్యోగం అడిగాను. నిన్న ఇస్తామన్నారు. నువ్వు వద్దంటే ఏం చేయాలో మాత్రం ఆలోచించలేదు."

"నేను డెల్ఫ్ట్‌లో అడిగాను," అంది వేర్లే. "సోమవారం మాట్లాడడానికి రమ్మన్నారు."

ట్రామ్ వచ్చింది, వెళ్ళిపోయింది. ఇద్దరూ ఎక్కలేదు.

"మళ్ళీ అదే తప్పు చేయబోయాం," అన్నాడతను నెమ్మదిగా.

"ఈసారి ఒక్కళ్ళమే కదులుదాం. నువ్వు వచ్చెయ్. నువ్వంటే నాకు ఇష్టం, కానీ రోజూ ఆ రొట్టెముక్కలు నా వల్ల కాదు."

"నువ్వంటే ఇష్టం లేకపోతే ఆ సూప్ ఎవడు తాగుతాడు," అన్నాడు.

ఆదివారం వేర్లే అతన్ని ఇంటికి తీసుకెళ్ళింది. హాలండ్ అబ్బాయి అని విని మొహం చిట్లించిన వాళ్ళమ్మ, అతన్ని ఎగాదిగా చూసి, కాఫీ పోసి, బిస్కెట్ల డబ్బా ముందుకు తోసింది. సీబ్రెన్ ఒక్కటి తీసుకుని, అలవాటుకొద్దీ తనే మూత పెట్టేశాడు.

వాళ్ళమ్మ డబ్బాను అతని ముందే ఉంచింది. మూతను మాత్రం తీసి, పైన అలమరలో పెట్టేసింది.